'ఇదివరకు పనిచేసిందిగా' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఇదివరకు పనిచేసిందిగా' గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా ఏదో ఉన్నాం. తమరి క్షేమం అడగక్కర్లేదు. సర్వర్లు కూలినా, రాకెట్లు పేలినా తమకు గీత కూడా పడదు.

రాకెట్ అంటే గుర్తొచ్చింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో ఏరియాన్ 5 మొదటిసారి పైకి లేచినప్పుడు తమరూ ఎక్కారు కదా, టికెట్ లేకుండా! ఏరియాన్ 4లో బుద్ధిగా పనిచేసిన ప్రోగ్రామును తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. కొత్త రాకెట్‌కి అడ్డంగా సాగే వేగం ఎక్కువ. దానికి సంబంధించిన 64 బిట్ల అంకెను 16 బిట్లలో కుక్కబోయారు. 32,767 దాటితే అందులో చోటు లేదు. రాకెట్ వేగం, దిశ కొలిచే కంప్యూటర్ చేతులెత్తేసింది. స్పేర్‌గా పెట్టిన రెండోదో? దాంట్లోనూ అదే ప్రోగ్రాము కాబట్టి అది ముందే పడుకుంది. పోతూ పోతూ పంపిన ఎర్రర్ వివరాలను ప్రధాన కంప్యూటర్ దారి లెక్కలనుకుని మంట చిమ్మే నాజిళ్లను ఒక పక్కకి తిప్పేసింది. సుమారు 40 సెకన్లలో అంతా మసి.

అసలు చోద్యం ఏమిటంటే, నేల వదిలాక ఆ లెక్కతో ఏరియాన్ 5కి పనే లేదు. మరి ఎందుకుంచారు? ఏరియాన్ 4లో బాగా నడుస్తున్నదాన్ని కదపడం మంచిది కాదనుకుని ఉంటారని విచారణ నివేదికే రాసింది. తమరి పేరు రాయలేదంతే.

థెరాక్-25 దగ్గర మాత్రం తమతో పరాచికాలాడలేను. అది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. పాత థెరాక్-20 సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పుంది. కానీ అక్కడ ఫ్యూజులు ఎగిరి ఊరుకునేవి. కొత్తదాంట్లో ఆ హార్డ్‌వేర్ కాపలా తీసేసి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. 1985–87 మధ్య ఆరుగురికి ప్రమాదకరమైన మోతాదు తగిలింది. కొందరు చనిపోయారు. అన్నాళ్లూ పనిచేసింది ప్రోగ్రాము కాదు, ఫ్యూజు.

మొన్న మా ఆఫీసులోనూ తమరి దర్శనమైంది. పాత ఫైల్లో 'దీన్ని ముట్టుకోవద్దు' అని ఒక కామెంటు. రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. కొత్తగా చేరిన అమ్మాయి, "ఇదేం చేస్తుంది సార్?" అని అడిగింది. గదిలో ఎవరికీ తెలియదు. శుక్రవారం సాయంత్రం, రిలీజ్ టెన్షన్. అందరూ నా మొహం చూశారు.

నేను తమరి పేరే చెప్పాను.

ఇట్లు,
ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునే
తమ విధేయుడు