బోర్డు వాళ్లది, అద్దె మనది

మొన్న ఆదివారం మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, టీ ఫ్రాంచైజీ తీసుకుంటున్నా. అన్నీ కంపెనీ వాళ్లే చూసుకుంటారట. మనం షట్టర్ ఎత్తి కౌంటర్లో కూర్చుంటే చాలట."

ఆ 'చాలట' వినగానే నా గుండె జారింది. నాలుగేళ్ల క్రితం ఇదే మాట నమ్మి హనుమకొండలో నేనూ షట్టర్ ఎత్తాను. పద్నాలుగు నెలలకు దించేశాను. (ఏ కంపెనీ అని ఇన్‌బాక్స్‌లో అడక్కండి, చెప్పను.)

ఫ్రాంచైజీ ఫీజు 5 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 90 వేలు. అవి ఇన్‌పుట్ క్రెడిట్‌లో (అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం) తిరిగొస్తాయని సేల్స్ కుర్రాడు ధీమాగా చెప్పాడు. మా సీఏ విని నవ్వాడు. మనలాంటి చిన్న హోటళ్లు కట్టేది 5 శాతం జీఎస్టీ, అందులో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. ఇక ఇంటీరియర్ పని, కంపెనీ వాళ్లు చూపించిన కాంట్రాక్టర్‌తోనే చేయించాలి. 7 లక్షలయింది. అదే ప్లైవుడ్‌తో మా వీధి కార్పెంటర్ నాలుగున్నరకు చేస్తానన్నాడు.

ఇప్పుడు నెల లెక్క చూడండి. రోజుకు 350 టీలు, కప్పు 15 రూపాయలు. పైన బన్‌మస్కా, ఉస్మానియా బిస్కెట్లు కలుపుకుంటే నెలకు దాదాపు 2 లక్షల అమ్మకం. వినడానికి బాగానే ఉంది కదా? పాలు, పౌడర్, సరుకులు 85 వేలు. ఇద్దరు మాస్టర్లు, ఒక హెల్పర్ జీతాలు 50 వేలు. అద్దె 30 వేలు, కరెంటు 9 వేలు, జీఎస్టీ తొమ్మిదిన్నర వేలు. రాయల్టీ, అంటే కంపెనీ పేరు వాడుకున్నందుకు నెలనెలా కట్టేది, 6 శాతం, అదీ లాభం మీద కాదు, అమ్మకం మీద. 12 వేలు, దాని మీద మళ్లీ జీఎస్టీ 2,160. అన్నీ పోను నాకు మిగిలింది 2,340 రూపాయలు. గ్యాస్ సిలిండర్లు ఇంకా కలపనేలేదు.

నేను నష్టపోయిన నెలలో కూడా కంపెనీకి 12 వేలు వెళ్లాయి. పౌడర్ మీద వాళ్ల మార్జిన్ సరేసరి. ఒకసారి సప్లై బండి రాకపోతే పక్క కిరాణాలో పౌడర్ కొని కాచాం. రెండు రోజులు ఒక్క కస్టమర్‌కూ తేడా తెలియలేదు. ఆడిట్‌కొచ్చిన అబ్బాయి మాత్రం స్టవ్ కింద ఖాళీ ప్యాకెట్ చూసి 10 వేలు పెనాల్టీ రాసి, మా దగ్గరే టీ తాగి వెళ్లాడు.

డల్లాస్‌లో ఉండే నా క్లాస్‌మేట్ అక్కడ ఒక శాండ్‌విచ్ షాపు తీసుకున్నాడు. సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ ఉన్న పత్రం చేతికి ఇవ్వాలట, అక్కడి రూలు. వదిలేసి వెళ్లిపోయిన ఓనర్ల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా అందులో ఉంటాయి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కింద మనం సంతకం పెట్టిన కాగితమే దిక్కు. అందుకే మూతపడ్డ బ్రాంచీల లిస్టు మనమే అడగాలి. నేను అడగలేదు. వాళ్లు చూపించిన కిటకిటలాడే బ్రాంచి చూసి పడిపోయాను. అది బస్టాండ్ ఎదురుగా ఉందన్న సంగతి కూడా అప్పుడు బుర్రకెక్కలేదు.

సొంత మడిగె ఉండి, ఇంట్లో ఇద్దరు వంతులవారీగా కౌంటర్లో నిలబడితే గిట్టుబాటు కావచ్చు, కాదనను. ఉద్యోగం చేసుకుంటూ ఫోన్‌లో సీసీ కెమెరా చూస్తూ నడిపేద్దామనుకునేవాళ్ల మీదే నా బాధంతా. మా వాడిదీ అదే ప్లాను.

అగ్రిమెంట్ పంపమన్నాను. 34 పేజీలు. 'ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు' అని మూడో పేజీలోనే ఉంది. మన ఏరియాలో ఇంకో బ్రాంచి పెట్టబోమన్న మాట ఎంత వెతికినా దొరకలేదు. మా వాడు దాన్ని తెరిచి కూడా చూడలేదు. శుక్రవారం ముహూర్తం బాగుంది, టోకెన్ కట్టేస్తా అన్నాడు.

"ఒరేయ్, కట్టే ముందు ఒక్క పని చెయ్. కరీంనగర్‌లో వాళ్ల బ్రాంచి ఉందన్నావు కదా. పొద్దున ఆరింటికెళ్లి ఎదురుగా కూర్చుని కప్పులు లెక్కపెట్టు."

నిన్న తొమ్మిదింటికి ఫోన్.

"బావా, నలభై ఒకటి. అందులో రెండు నేను తాగినవే."