స్కీల తయారీలో అంటించడమే అసలు పని

ఇంట్లోనే స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే పొడవాటి పలకలు) చేసుకోవచ్చంటూ మీరు రాసిన వ్యాసంలో సగం చెక్క ఎంపిక మీదే ఉంది, బాగుంది, కానీ అంటించే పనిని రెండు ముక్కల్లో తేల్చేశారండీ. నేను బెంగళూరు పీణ్యలో ఫైబర్‌గ్లాస్ పని చేస్తాను, ఉత్తరాఖండ్‌లో స్కీయింగ్ చేసే ఔలీకి వెళ్లడానికి ఒక జత చేస్తున్నాం కాబట్టి చెప్తున్నా.

అడుగున వేసే పాలిథిలీన్ షీటుకి మామూలుగా ఏ జిగురూ పట్టదు. అంటించే వైపు గరుకుపేపరుతో రుద్ది, మంటను పైపైన తిప్పితేనే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నిలుస్తుంది. స్టీలు అంచుల మీద సన్నటి రబ్బరు పట్టీ కూడా తప్పనిసరి, స్కీ వంగినప్పుడల్లా స్టీలుకీ ఫైబర్‌గ్లాస్ పొరకీ మధ్య పడే లాగుడుని అదే తట్టుకుంటుంది. ఎపాక్సీ ఎక్కువ మోతాదులో కలిపి మగ్గులోనే ఉంచితే వేడెక్కి గట్టిపడిపోతుంది, వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయండి.

చెక్క మందం మధ్యలో ఓ 11 మి.మీ., చివర్లలో 2 మి.మీ. అనుకుంటే, ఆ వాలు చిత్రిక పట్టడంలోనే స్కీ గుణమంతా ఉంది. మందం రెట్టింపైతే బిగువు 8 రెట్లవుతుంది, కాబట్టి ఒక్క మిల్లీమీటరు తేడా కూడా కాలికి తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ప్రెస్, అంటే జిగురు ఆరేదాకా పొరలన్నిటినీ నొక్కి పట్టే చట్రం. అందులో ఫైర్ హోస్ (మంటలార్పే నీటి గొట్టం) పెట్టి, దాన్లో గాలి నింపి నొక్కుతాం. హోస్‌లో చదరపు సెం.మీ.కి 3 కేజీల ఒత్తిడే కదా అనుకోకండి, 170 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు మీద అది దాదాపు 5 టన్నుల బలం. ప్లైవుడ్ చట్రం చాలన్నారు, దయచేసి ఆ మాట మార్చండి, ఇనుప బీములే వాడాలి.