తీర్పు రిజర్వు చేసిన మహానుభావుడు

మన వైపు ఊరికి ఒక ఏడుకొండలైనా ఉంటాడు. అమ్మానాన్నలు మొక్కుకుని పెట్టే పేరది. అమెరికాలోని ఒహాయోలో ఒక డాక్టరుగారు మాత్రం తనకు దెబ్బ తగిలిన కొండ పేరే కొడుక్కి పెట్టారు. అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని కెనెసా కొండ దగ్గర ఆయన కాలికి గాయమైంది. 1866లో పుట్టిన పిల్లవాడికి కెనెసా మౌంటెన్ లాండిస్ అని నామకరణం చేశారు. పిల్లవాడు హైస్కూలు మధ్యలోనే మానేశాడు. తర్వాత లా చదివి, 1905లో థియోడర్ రూజ్‌వెల్ట్ చలవతో షికాగోలో ఫెడరల్ జిల్లా జడ్జి అయ్యాడు. ఇక్కడినుంచి 'గారు' అనక తప్పదు.

ఫెడరల్ జడ్జి అంటే మాటలు కాదు. సత్ప్రవర్తన ఉన్నంతకాలం కుర్చీ దిగమనడానికి లేదు. రిటైర్మెంటు వయసు లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు. గవర్నమెంటు ఉద్యోగం తప్ప వద్దని పట్టుబట్టే మన మామగార్లకు ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

లాండిస్ గారు 1907లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని పట్టుకున్నారు. రైలు కిరాయిలో దొంగచాటు రాయితీలు పుచ్చుకున్నారన్నది కేసు. మొత్తం 1,462 నేరారోపణలు, ఒక్కోదానికి 20 వేల డాలర్లు. గుణించి చూస్తే 2 కోట్ల 92 లక్షల 40 వేలు. దేశం చప్పట్లు కొట్టింది. కంపెనీ స్థాపకుడు రాక్‌ఫెల్లర్ గోల్ఫ్ ఆడుతుండగా కబురందింది. ఈ జరిమానా వసూలయ్యేనాటికి జడ్జిగారు పోయి చాలాకాలం అవుతుందని ఆయన అన్నారట. అంతకాలం ఆగాల్సిన పని పడలేదు, మరుసటి ఏడాదే పై కోర్టు కొట్టేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటాం. ఇక్కడ తవ్విందే కొండ, ఎలుక మాత్రం దొరకలేదు. ఫొటోలు మిగిలాయి. బక్కపలచని మనిషి, చెదిరిన జుట్టు, కోపంగా ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం. న్యాయం అంటే ఇలాగే ఉంటుందని జనం ఖాయం చేసుకున్నారు.

తర్వాత 1919లో, మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించిన సోషలిస్టు నాయకుడు విక్టర్ బెర్గర్‌కు 20 ఏళ్ల జైలు వేశారు. ఈ కేసు ఆయన వినకుండా తప్పుకోవాల్సిందని చెప్పి సుప్రీంకోర్టు 1921లో ఆ శిక్షనూ కొట్టేసింది.

ఇచ్చిన తీర్పుల సంగతి ఇలా ఉంటే, ఆయన జాతకం మార్చింది మాత్రం ఇవ్వని తీర్పు.

1915 జనవరిలో ఫెడరల్ లీగ్ అనే కొత్త బేస్‌బాల్ లీగ్ ఆయన కోర్టుకు వచ్చింది. పాత లీగులు గుత్తాధిపత్యం చేస్తున్నాయని ఫిర్యాదు. లాండిస్ గారికి బేస్‌బాల్ అంటే ప్రాణం. ఈ ఆట మీద పడే దెబ్బ జాతీయ సంస్థ మీద పడే దెబ్బేనని బెంచి మీదనుంచే సెలవిచ్చారు. వాదనలు విన్నారు. తీర్పు రిజర్వు చేశారు. ఎండాకాలం వచ్చింది, సీజన్ అయిపోయింది, చలికాలం మళ్లీ వచ్చింది. డిసెంబరుకల్లా ఫెడరల్ లీగ్ జేబు ఖాళీ అయి రాజీకి దిగింది. నాన్చుడుకు ఇంత నాజూకు రూపం మన కోర్టుల్లో కూడా అరుదు.

పాత లీగుల జట్ల ఓనర్లు ఆ మేలు మరిచిపోలేదు. 1919 వరల్డ్ సిరీస్‌ను, అంటే ఆ ఏటి బేస్‌బాల్ ఫైనల్ పోటీని, షికాగో ఆటగాళ్లు డబ్బుకు అమ్ముకున్నారని బయటపడేసరికి, పరువు నిలబెట్టే పెద్దమనిషి కోసం 1920 నవంబరులో వాళ్లు ఆయన కోర్టు హాల్లోకే వెళ్లారు. అప్పుడు ఆయన వేరే కేసు వింటున్నారు. అదీ లంచం కేసే. కోటీశ్వరులు గుసగుసలాడుతుంటే సుత్తి కొట్టి, నోరు మూసుకోకపోతే బయటికి పంపిస్తానన్నారు. వాళ్లు టోపీలు చేత్తో పట్టుకుని బుద్ధిగా ఎదురుచూశారు. ఇవ్వజూపింది బేస్‌బాల్ కమిషనర్ పదవి, అంటే ఆటకంతటికీ పెద్ద. జీతం ఏడాదికి 50 వేల డాలర్లు. జడ్జిగా వస్తున్న 7,500 అందులోంచి తీసేసుకోమన్నారు ఆయన. జడ్జి ఉద్యోగం మాత్రం వదల్లేదు, రెండు కుర్చీల్లోనూ కూర్చున్నారు. అభిశంసన మాట లేచింది, అమెరికన్ బార్ అసోసియేషన్ తప్పుపట్టింది. చివరికి 1922లో చిన్న జీతం కుర్చీ దిగారు.

ఈలోగా 1921 ఆగస్టు 2న షికాగో జ్యూరీ ఆ ఆటగాళ్లు నిర్దోషులంది. మర్నాడే లాండిస్ గారు ఎనిమిది మందినీ ఆట నుంచి వెలేశారు. వాళ్లలో బక్ వీవర్ చేసింది సంగతి తెలిసీ నోరెత్తకపోవడం. పైకోర్టు లేని ఉద్యోగంలో ఉన్న సుఖం అదే, ఏ తీర్పూ తిరగబడదు.

మరో విషయంలో మాత్రం ఆయన పాత పద్ధతే పాటించారు. 1942లో, నల్లజాతి ఆటగాళ్లను తీసుకోకూడదన్న రూల్ ఏదీ లేదని ప్రకటించారు. నిజమే, రూల్ లేదు. ఆయన పెత్తనం చేసిన 24 ఏళ్లలో మేజర్ లీగుల్లో, అంటే ఆ పాత పెద్ద లీగుల్లో, బాహాటంగా ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. లాండిస్ గారు 1944 నవంబరులో పోయారు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ మైదానంలో దిగింది 1947 ఏప్రిల్‌లో.