పొట్టలో బెలూన్‌కి సంజాయిషీ నోటీసు

శ్రీయుత ఫోలీ బెలూన్ గారికి,

మూత్రం బయటికి తీసే ట్యూబు కొసన నీళ్లతో ఉబ్బే బుడగ మీరు. మీ అసలు డిపార్ట్‌మెంట్ మూత్రాశయం. మిమ్మల్ని తయారుచేసిన ఫ్రెడరిక్ ఫోలీ అమెరికాలో మూత్రవ్యాధుల డాక్టరు, 1930ల నాటి మాట. మా నాన్న పొట్టలోకి మీరొచ్చింది డెప్యుటేషన్ మీద.

పక్షవాతంతో మింగడం పోయాక ఆయన పొట్టకి రంధ్రం పెట్టి ట్యూబు వేశారు. అందులో మీ అన్నగారొకరు ఉండేవారు. ఒకరోజు నాన్నకి ఒళ్లు తుడుస్తుంటే ఆ బెలూన్ అన్నగారు పగిలి, ట్యూబుతో సహా నా చేతిలోకి వచ్చేశారు. ఆ రంధ్రం గంటల్లోనే పూడుకుపోవడం మొదలవుతుందట. ఆటోలో పరిగెత్తాం. సరైన ట్యూబు స్టాకు లేదని మిమ్మల్ని వేశారు. ట్యూబులోకి మందు పంపి ఎక్స్‌రే తీశాకే జావ పోయమన్నారు. "తాత్కాలికమే" అన్నారు డాక్టరు. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ ఆఫీసులో చేసిన నాన్న ఆ మాటకి మూతి ఒక పక్కే కదిలించి నవ్వారు.

మీకప్పజెప్పిన పని ఒక్కటే. పది మిల్లీలీటర్ల నీళ్లు నింపుకుని, పొట్ట గోడకి ఆనుకుని కూర్చోవడం.

మూడో రాత్రి రాగిజావ పోసిన అరగంటకి వాంతి. కాసేపాగి నీళ్లు పోస్తే అవీ బయటికే. టార్చి వేసి చూద్దునా, ట్యూబు మీద చర్మం దగ్గర గుర్తుగా పెన్నుతో గీసిన గీత కనబడలేదు! బయట జానెడు వేలాడాల్సిన ట్యూబు బెత్తెడే మిగిలింది. తమరు పర్మిషన్ లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదిలి చిన్నపేగు మొదట్లోకి టూరెళ్లి, దారికడ్డంగా కూర్చున్నారు. ముద్ద అనుకుని పొట్టే మిమ్మల్ని ముందుకి తోసిందట. అసలు ట్యూబుకైతే బయట చర్మానికి ఆనే బిళ్ల ఉంటుంది, లోపలికి జారనివ్వదు. మీకేమో అదీ లేదు.

లాగేద్దామని చెయ్యి పెట్టాను కూడా. మంచిపనైంది, లాగలేదు. నిండిన బెలూన్‌ని గుంజితే లోపల గాయమవుతుందని డ్యూటీ డాక్టరు కేకలేశారు. సిరంజితో నీళ్లు తీసి, మెల్లగా వెనక్కి తెచ్చి, మళ్లీ నింపి ప్లాస్టరు వేశారు.

వారానికి అసలు ట్యూబొచ్చింది. మిమ్మల్ని రిలీవ్ చేద్దామంటే సిరంజిలోకి చుక్క రాదు! మొదట నింపినవాళ్లో, తర్వాత నింపినవాళ్లో స్టెరైల్ వాటర్ బదులు సెలైన్ వాడారు కాబోలు, ఉప్పు పేరుకుని మీలోకి నీళ్లు నింపే సన్నదారి పూడిపోయి ఉంటుందన్నారు సిస్టరు. వాల్వు కత్తిరించారు, దిగలేదు. చివరికి ఆ దారిలోంచే సన్నటి తీగ పంపితే నీళ్లు కారి దిగారు. ఉండమన్నచోట ఉండరు, పొమ్మంటే పోరు. మీరు పర్మినెంటు అయి ఉంటే మా గతేమిటి?

కొత్తాయన జాయినయ్యారు. సిస్టరు చెప్పినట్టు ప్రతి ఆదివారం నీళ్లు వెనక్కి లాగి కొలుస్తున్నాను. మొన్న నాన్న ముద్దముద్దగా ఏదో అడిగారు. చెవి పెట్టి వింటే, "ఛార్జి అప్పగించాడా?"

సంజాయిషీ ఎటూ ఇవ్వరు. ఆ ఛార్జి లిస్టైనా పంపండి.

ఇట్లు,
మీకు పూటపూటా జావ పోసినవాడు