పిక్నిక్ టోపీలు ఈసారి పాత చీరలతో కుట్టిద్దాం

ఇక్కడ షికాగోలో ప్రతి జూన్‌లో జరిగే మన తెలుగు సంఘం పిక్నిక్‌కు వచ్చినవారందరికీ తలా ఒక టోపీ ఇవ్వడం చాలాకాలంగా ఆనవాయితీగా వస్తోంది. ముందువైపు సంఘం ముద్ర, వెనుక ప్లాస్టిక్ పట్టీ, లోపల చెమట పీల్చని పాలియెస్టర్ గుడ్డ ఉండే ఆ టోపీని పిల్లలు మధ్యాహ్నం భోజనాల దాకా పెట్టుకుంటారు; సాయంత్రం బల్లలు సర్దే వేళకు అవి గడ్డిలోనూ, చెత్తడబ్బాల పక్కనా పడి ఉంటాయి. నిరుడు సర్దేవాళ్ళలో నేనూ ఉన్నాను కనుక వాటిని ఏరి లెక్కపెట్టాను. 34 దొరికాయి. సంఘం డబ్బుతో, సంఘం పేరు వేయించి తెచ్చిన వస్తువు ఒక్క పూట కూడా నిలవకపోవడం చూసి మనసుకు కష్టం కలిగింది.

మరోపక్క మన ఇళ్ళ బేస్‌మెంట్లలో సూట్‌కేసుల నిండా చీరలు ఉన్నాయి. కట్టుకుందామంటే కుచ్చిళ్ళ దగ్గర చిరుగు, ఎవరికైనా ఇద్దామంటే కొంగు మీద మరక, పారేద్దామంటే చేతులు రావు. వచ్చే పిక్నిక్‌కు ముద్ర టోపీలు తెప్పించడం మానేసి, ఆ చీరలతోనే, కావాలన్నవారికి, వారి వారి తలకొలతకు, మనలో కుట్టుపని తెలిసినవారిచేత తగిన కూలి ఇచ్చి టోపీలు కుట్టించాలని కార్యవర్గానికి ఈ వ్యాసం ద్వారా ప్రతిపాదిస్తున్నాను.

నాలుగేళ్ళ క్రితం మా వదినకు కీమోథెరపీ మొదలైంది. మందు ఎక్కిన రెండు నుంచి నాలుగు వారాల్లో జుట్టు రాలవచ్చునని వైద్యులు ముందే చెప్పారు. ఆమెకు మూడో వారంలో మొదలైంది. జుట్టు పోయిందన్న దిగులు ఒక ఎత్తు, తలమీది చర్మం పడే బాధ ఒక ఎత్తు. దిండు తగిలినా ఓర్చుకోలేకపోయేది. కొన్న ఊలు టోపీ గుచ్చుకునేది, సాగే గుడ్డ టోపీలో చెమట పట్టేది, ఏది పెట్టినా లోపలి కుట్టు నడినెత్తిన ఒరుసుకునేది. మా వీధిలోనే, బాపట్లలో ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టి, ఇప్పుడు కొడుకు దగ్గర స్థిరపడిన ఒకావిడ ఉన్నారు. ఆవిడను అడిగితే, "కొత్త గుడ్డ వద్దమ్మా, ఉతికి ఉతికి నలిగిన నూలు చీర ఏదైనా ఉంటే పట్టుకురా" అన్నారు. మా అమ్మ పోయాక నేను తెచ్చుకున్న మంగళగిరి చీర ఒకటి, రెండుచోట్ల చిరిగినది, తీసుకువెళ్ళాను. ఆవిడ దాన్ని రెండు పొరలుగా కత్తిరించి, కుట్లన్నీ పొరల మధ్యకు పోయేలా తిప్పి, తలకు ఒక్క కుట్టు కూడా తగలని టోపీ కుట్టి ఇచ్చారు. వదిన దాన్ని నిద్రలో కూడా తీయలేదు. చికిత్స ముగిసేలోగా అదే చీరలోంచి మరో మూడు కుట్టించుకుంది.

ఆ రోజు ఆవిడ పాత చీరే ఎందుకు అడిగారో నాకు తరువాత అర్థమైంది. కొత్త నూలుగుడ్డతో కుట్టిన టోపీ మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి బిగుతవుతుంది; ముప్పై ఏళ్ళు ఉతికిన చీరకు కుదించుకుపోవడానికి ఇంకేమీ మిగలదు. పోవలసిన రంగు ఎప్పుడో పోయింది, గంజి బిరుసు వదిలిపోయింది, పోగులు మెత్తబడ్డాయి. మన ఊళ్ళలో పుట్టిన బిడ్డను మొదట పొదివి పట్టుకునేది పాత నూలుచీర ముక్కతోనే. పసిగుడ్డు చర్మానికి ఏది సరిపడుతుందో మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు.

టోపీ చూడడానికి చిన్నదే అయినా దాని లెక్క జాకెట్టు లెక్కకు తీసిపోదు. చెవులకు కాస్త పైన, నుదుటి మీదుగా, తల వెనుక ఉబ్బెత్తుగా ఉండే చోటును కలుపుతూ టేపు చుట్టి కొలుస్తారు. పెద్దవాళ్ళలో చాలామందికి అది 54 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. 57 వచ్చిందనుకుంటే పైన వచ్చే గుండ్రటి ముక్కకు వ్యాసార్ధం 9 సెంటీమీటర్ల పైచిలుకు, దానికి కుట్టుకు వదిలే ఒక సెంటీమీటరు అదనం. దాని చుట్టూ నిలువుపట్టీ, పట్టీ కింద ఎండకు అడ్డుపడే రెక్క. రెక్క వాలిపోకుండా రెండు పొరల మధ్య కాన్వాసు పెట్టి, దగ్గర దగ్గరగా గుండ్రటి వరుసలలో మిషన్ కుట్టు వేయాలి. నిలబడే టోపీకీ, నాలుగు ఉతుకులకు నీరుగారే టోపీకీ తేడా ఆ వరుసల్లోనే ఉంటుంది. కొలత అర సెంటీమీటరు తగ్గితే నుదుటి మీద గీత పడుతుంది, ఎక్కువైతే షికాగో గాలికి ఎగిరిపోతుంది. జడ వేసుకునే ఆడపిల్లకు వెనుక చీలిక పెట్టాలి, ముడి వేసుకునే అత్తగారికి లోతు పెంచాలి. అంగట్లో అందరికీ ఒకే కొలతతో దొరికే టోపీ వీళ్ళిద్దరిలో ఎవరికీ సరిపడదు.

ఏ చీర దేనికి పనికివస్తుందో ఆవిడ పక్కన కూర్చుని కొంత నేర్చుకున్నాను. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటినీ అంచునూ మగ్గం మీదే పేకపోగులను (అడ్డపోగులను) ఒకదానితో ఒకటి మెలివేసి కలుపుతారు. నేను తెచ్చిన రెండు గద్వాల చీరలూ ఆ కలిసిన గీత వెంబడే ముందుగా తెగాయి, కనుక ఆవిడ ఆ గీతను పట్టీకీ రెక్కకూ మధ్య కుట్టులోకి నెట్టేశారు: పైన నూలు, కింద పట్టు అంచు, చీరలో ఉన్న వరుసే టోపీలోనూ నిలిచింది. పోచంపల్లిలో నేయకముందే నూలును చిటికీ కట్టి, అంటే అక్కడక్కడ బిగించి కట్టి, రంగుల్లో ముంచుతారు గనుక బొమ్మ గుడ్డకు రెండువైపులా పడుతుంది. ఒకవైపు వెలిసిపోతే రెండోవైపు తిప్పి కుట్టవచ్చు. జరీ ఉన్న ముక్క నుదుటికి తగిలితే గీసుకుంటుంది కనుక లోపల నూలు లైనింగ్ తప్పనిసరి. పట్టుచీర అయితే ముందు వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మడతల వెంట బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూస్తారు. చిట్లిందంటే ఆ భాగాన్ని వదిలేస్తారు. ముదురు ఎరుపూ నీలమూ అయితే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడనిదే కత్తెర పట్టరు, ఎందుకంటే పెట్టెలోంచి తీయని పట్టుకు రంగు ఇంకా వదలవలసే ఉంటుంది, చెమటకు అది నుదుటికి దిగుతుంది.

ఈ మాట నలుగురిలో ఎత్తినప్పుడు ఒక పెద్దావిడ, "కాళ్ళకు తగిలే బట్టను నెత్తిన పెట్టుకోవడమేమిటి?" అని నిలదీశారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. మన ఇళ్ళలో మడి, మైల అన్న పట్టింపుతో పెరిగినవారికి అది సహజంగా కలిగే సంకోచమే. అయితే చీరలో కాళ్ళకు తగిలే భాగం వేరు, ఎండలో నెత్తిన కప్పుకునే కొంగు వేరు. నాట్లు వేసే మడిలో, గుడి మెట్ల మీద, పీర్లపండుగ జాతరలో మన ఆడవాళ్ళకు గొడుగు ఆ కొంగే. పైముక్కకూ పట్టీకీ కొంగునూ, కుచ్చిళ్ళ భాగాన్ని రెక్కకు అడుగునా వాడితే ఆ సంకోచానికి తావుండదు. మేమూ అలాగే చేస్తున్నాము.

టోపీ మనది కాదన్న మాట కూడా విన్నాను. తిరుమలలో మహాద్వారం దాటగానే కనబడే శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహం తలమీద ఉన్న పొడవాటి కుళ్ళాయిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలు జరీగుడ్డ టోపీ పెట్టుకున్నాడని రాసిపెట్టాడు. కుళ్ళాయి అన్న మాట పారశీకం నుంచి వచ్చింది, వచ్చి ఇన్ని శతాబ్దాలుగా తెలుగులో ఉంది. చీరాలలో తలకు చుట్టుకోవడానికే నేసి అరబ్బు దేశాలకు ఎగుమతి చేసిన తేలియా రుమాళ్ళ సంగతి మనలో కొందరికే తెలుసు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిదలోనూ నానబెట్టి ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసిన ఆ గుడ్డ ఎండ దెబ్బకు తలను చల్లగా ఉంచుతుందని పేరు. నెత్తిన పెట్టుకునే గుడ్డను నేసి ఇతర దేశాలకు పంపినవాళ్ళం మనం.

అసలైన అడ్డంకి మరొకటి: అమ్మ చీరకు కత్తెర పెట్టడానికి మనసొప్పదు. నాకూ ఒప్పలేదు, మొదటి రోజు కత్తెర ఆవిడ చేతికి ఇచ్చి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాని పెట్టెలో ఉంచినంత మాత్రాన చీర భద్రంగా ఉన్నట్టు కాదని మీరే మూత తీసి చూసుకోవచ్చు. మార్చి మార్చి మడతలు వేయని పట్టు ఆ మడతల వెంటే చిట్లుతుంది, జరీలోని వెండి గాలికీ తేమకూ నల్లబడుతుంది. మన ఊళ్ళలో ఇలాంటి చీరలు ఎక్కడికి చేరతాయో అందరికీ తెలుసు: "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ వీధిలో తిరిగేవారు తూకానికి కొని, కాల్చి, వెండి తీసుకుంటారు, నూలుచీరలు స్టీలు గిన్నెలకు మారకం పోతాయి. ఇక్కడ విరాళాల పెట్టెలో వేస్తే ఎవరో ఒకరు కట్టుకుంటారన్న ఆశ కూడా చాలావరకు తీరేది కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం 2018లో ఈ దేశపు చెత్తలో చేరిన బట్టలు, తదితర నేతవస్తువులు 1 కోటి 70 లక్షల టన్నులు; అందులో 1 కోటి 13 లక్షల టన్నులు పూడ్చిపెట్టారు, తిరిగి వాడకానికి మళ్ళినది 14.7 శాతమే. మా నాయనమ్మ పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టేది. ఆ బొంతలో ఏ ముక్క ఎవరి చీరదో మేము వేలుపెట్టి చెప్పేవాళ్ళం. ఈ దేశంలోనూ 1930ల మాంద్యంలో పల్లెటూళ్ళ ఇల్లాళ్ళు పిండి సంచుల, దాణా సంచుల గుడ్డతో గౌన్లూ ఎండ టోపీలూ కుట్టుకున్నారు. వారికి నచ్చేలా కంపెనీలు సంచుల మీద పూలు అచ్చు వేయించేవి.

అయినా ప్రతి చీరనూ కత్తిరించాలని నేను అనడం లేదు. కట్టుకోవడానికి వీలున్న చీరను కట్టుకోవాలి లేదా కట్టుకునేవారికి ఇవ్వాలి. పాత తేలియా రుమాలు, చేతి జాందానీ పని (నేస్తూనే చేత్తో పూలు తీర్చే పని) ఉన్న ఉప్పాడ, వెంకటగిరి చీరలు ఎవరింట్లోనైనా ఉంటే, చిరిగినా సరే, వాటిని ముట్టుకోవద్దని బ్రతిమాలుతున్నాను. వాటిని నేయడం తెలిసినవారికి అవి పాఠ్యపుస్తకాలవంటివి. చీరలను గుత్తగా కొని, నేత పేరు గాని ఊరి పేరు గాని చెప్పకుండా, రంగులు బాగున్నాయని టోపీలుగా అమ్మే పద్ధతి నాకు నచ్చదు. మనం కుట్టించే ప్రతి టోపీ లోపలా ఒక చిన్న పట్టీ ఉండాలి: నేత ఏ ఊరిది, నూలా పట్టా, చీర ఎవరిది, కుట్టింది ఎవరు. అది చదివిన పిల్లలు గద్వాల ఎక్కడుందని అడుగుతారు. మా అబ్బాయి అడిగాడు.

అంతా పాతగుడ్డే వాడితే నేతగాడికి ఏం మిగులుతుందన్న ప్రశ్న న్యాయమైనది. అందుకే లైనింగ్ కోసం కొత్త గుడ్డ కొందామని నా సూచన. మంగళగిరి నూలు తానుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. వేసవికి ఊరు వెళ్ళేవారు నేరుగా నేతవారి సహకార సంఘంలో కొని తేవచ్చు. కుదించుకుపోకుండా ముందు రెండుసార్లు ఉతకాలి, అంతే. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి వడికే పొందూరు ఖద్దరైతే ఇంకా మేలు, కాని దాని ఖరీదు తెలిసినవాళ్ళం కనుక మా నాన్నగారి పాత పొందూరు పంచెతోనే నేను సరిపెట్టుకున్నాను.

ఇక డబ్బు సంగతి. ఒక్కో టోపీకి మూడు గంటలు పడుతుంది. ఇల్లినాయిలో 2025 నుంచి కనీస వేతనం గంటకు 15 డాలర్లు. అంటే కూలే 45 డాలర్లు, కాన్వాసు, దారం, లైనింగ్ అదనం. తెలిసినావిడే కదా అని పదో పరకో చేతిలో పెట్టి పని చేయించుకునే అలవాటు మనలో ఉంది, అది మానుకోవాలి. హెచ్ 4 వీసా (ఇక్కడ ఉద్యోగానికి వచ్చినవారి భార్యకో భర్తకో పిల్లలకో ఇచ్చేది) మీద ఉండి పని అనుమతి లేనివారికీ, చూడవచ్చిన తల్లిదండ్రులకూ కూలి ఇచ్చి పని చేయించడం చట్టం ఒప్పదు. అనుమతి ఉన్నవారి పేర్లే జాబితాలో ఉండాలి. ఈ ఖరీదుకు వందల మందికి ఉచితంగా ఇవ్వలేమని నాకు తెలుసు. వచ్చినవారందరికీ ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలన్న నియమమే మనల్ని ఆ చెత్తడబ్బా టోపీల దాకా తెచ్చింది. చీర తెచ్చుకుని సగం కూలి భరించేవారికి మిగతా సగం సంఘం ఇస్తే, ముద్ర టోపీలకు పెట్టే డబ్బులోనే 40 టోపీలు వస్తాయి. చికిత్సలో ఉన్నవారికి మాత్రం పూర్తి ఖర్చు సంఘమే పెట్టుకోవాలి, ఇందులో బేరం వద్దు.

ఆవిడ రోజుకు రెండుకు మించి కుట్టలేనన్నారు, కళ్ళు సహకరించవని. జూన్ నాటికి 40 పూర్తి కావాలంటే ఏప్రిల్ నెలాఖరుకల్లా ఉతికి ఇస్త్రీ చేసిన చీరలూ, తలకొలతలూ చేరాలి. ఇంకొకరు తోడైతే మరీ మంచిది. మా అమ్మ మంగళగిరి చీరలో రెండు మీటర్లు ఇంకా మిగిలి ఉంది. దాన్ని ఫిబ్రవరి సమావేశానికి తెస్తాను, ఎవరికైనా అవసరం పడితే వాడుకోండి.