కిటికీలోంచి పడే తువ్వాలు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో పల్లెవెలుగు బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, చివరికి పసిపిల్లలు సైతం సీట్ల మీద వాలిపోతుంటే, పద్ధతిగా తలుపు నుంచి ఎక్కినవాళ్లు నిలబడే ప్రయాణం చేయవలసి వస్తోంది. మొన్న సంక్రాంతి రద్దీలో, మోకాళ్ల నొప్పితో మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కిన ఒక పెద్దావిడ ఖాళీ సీటులో కూర్చోబోగా, చెమటకు తడిసిన చేతిరుమాలు చూపించి "అది మాదండీ" అన్న యువకుడు మళ్లీ తలెత్తలేదు. మనిషికి లేని హక్కు గుడ్డముక్కకు ఎక్కడిది? పండుగకు తల్లిదండ్రుల కాళ్లకు దణ్ణం పెట్టడానికి వెళ్లేవాళ్లే, బస్సెక్కేసరికి ఇలా మారిపోవడం నాకు కోపం కన్నా బాధనే ఎక్కువగా కలిగిస్తుంది; వీళ్లు చెడ్డవాళ్లు కారు, ముందుగా చేయి పడినదల్లా తమదే అనుకోవడానికి అలవాటుపడ్డవాళ్లు. తిరువూరు వచ్చేవరకూ ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.