మా ఆయన పెట్టిన ఫిల్టరు

పిల్లాడి చేతికి ఫోను ఇచ్చేటప్పుడు లేని భయం మా ఆయనకి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక పట్టుకుంది. ఇంటర్నెట్‌లో పిల్లలు ఏమేం చూస్తున్నారో అక్కడెవరో గంటసేపు చెప్పి హడలగొట్టారట. ఇంటికొస్తూనే, చొక్కా అయినా మార్చుకోకుండా, స్టూలు వేసుకుని టీవీ పైనున్న రౌటర్ అందుకున్నారు.

దాని పాస్‌వర్డ్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది. అందులో ఏది సున్నానో, ఏది ‘ఓ’నో దేవుడికే తెలియాలి. నేను కిందనుంచి టార్చి పట్టాను, మామయ్యగారు తన కళ్ళజోడు అందించారు. మావాడు మాత్రం సోఫాలో ఫోను చూసుకుంటూ కదల్లేదు. ఈ హడావుడి అంతా ఎవరి కోసమో వాడే.

రౌటర్ సెట్టింగుల పేజీ, అదే 192.168.1.1, తెరుచుకోగానే ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు. “కంప్యూటర్‌కి పేర్లు తెలీవు, నంబర్లే తెలుసు. పేరు చెబితే నంబరు చెప్పేదే డీఎన్ఎస్. కొత్త ఊరెళ్తే ఫలానావారి ఇల్లెక్కడని కిళ్ళీకొట్టువాణ్ణి అడగమూ? ఇప్పుడు మనం ఆ కొట్టులో ఓ పెద్దమనిషిని కూర్చోబెడతాం. చెడ్డ ఇల్లు అడిగితే తెలీదు పొమ్మంటాడు. 1983లో పాల్ మోకపెట్రిస్ అనే ఆయన తయారుచేశాడమ్మా దీన్ని!”

“వాళ్ళదే ఊరు?” అన్నారు అత్తయ్యగారు. మా ఆడపడుచుకి సంబంధాలు వెతుకుతున్నారు లెండి. మగపేరు వినబడితే చాలు, ఆవిడకి ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

అలాంటి పెద్దమనిషి డీఎన్ఎస్ నంబరు ఒకటుంది, 1.1.1.3 అని. అది రౌటర్‌లో వేసి వదిలేస్తే బూతు సైట్లనీ వైరస్ సైట్లనీ అదే ఆపుతుంది. 2020 నుంచీ ఉంది, ఉచితం కూడా. అంత తేలికైన పని మా ఆయనకి ఆనుతుందా? అకౌంటు తెరిచి, ఇంటి ఐపీ నంబరు, అంటే ఇంటర్నెట్‌లో మన ఇంటిని గుర్తుపట్టే నంబరు, నమోదు చేసుకుని, మనకి కావలసినట్టు బిగించుకునే ఫిల్టరే కావాలన్నారు. అందులో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అంటూ స్థాయిలు ఉన్నాయి. ఫ్యాను అయిదులోనే పెట్టే మనిషి, వేరే చెప్పాలా! అదీ చాలదన్నట్టు కిందున్న చిట్టా దగ్గరేసుకుని టిక్కులు కొట్టారు. సోషల్ మీడియా, వీడియోలు, కాలక్షేపం... ‘డేటింగ్’ అన్నచోట అయితే మౌస్ విరిగేలా నొక్కారు.

తెల్లారి అయిదింటికి అత్తయ్యగారు టీవీలో యూట్యూబ్ పెడితే విష్ణు సహస్రనామం రాలేదు. కాఫీ వేళకి మామయ్యగారి వార్తల వీడియోలు ఆగాయి. ఫేస్‌బుక్‌లో మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు నాకూ రాలేదు. మా ఆయన ల్యాప్‌టాప్ ఆఫీసు వీపీఎన్ మీద, అంటే మా రౌటర్‌ని అడక్కుండా ఆఫీసు దారిలోనే, నడుస్తుంది కాబట్టి ఆయనకి అన్నీ వస్తున్నాయి. “కొత్త కదా, నెమ్మదిగా సర్దుకుంటుంది” అన్నారు.

అసలు గొడవ పదకొండింటికి మొదలైంది. కాకినాడ సంబంధం వాళ్ళు జాతకం పంపిస్తామన్నారు. అత్తయ్యగారు ట్యాబ్‌లో పెళ్ళిసంబంధాల సైటు తెరిచారు. ఆ చిట్టా రాసిన మహానుభావులకి పెళ్ళిచూపులకీ డేటింగ్‌కీ తేడా తెలిసినట్టు లేదు, రెండూ ఒకే పద్దులో వేశారు. తెర మీద ఎర్రటి గుర్తు, కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. మామయ్యగారు గొంతు సవరించుకుని అర్థం చెప్పారు: “మీ సమాచారం దొంగిలించడానికి ఎవరో ప్రయత్నిస్తుండవచ్చు... అంటోందే!”

“అయ్యో, దొంగ సంబంధమా!” అని ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. ఆ వెంటనే సంబంధం తెచ్చిన పిన్నిగారికి ఫోను చేసి, “మంచివాళ్ళని చెప్పావు కదే, వాళ్ళ పేరు కొడితేనే దొంగలని వస్తోంది” అని కడిగేశారు. ఆ పిన్నిగారు కాకినాడకి చెప్పకుండా ఎలా ఉంటారు? అరగంటలో అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. దాంతో మామయ్యగారు హాలు వదిలేసి బాల్కనీలోకి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. పొద్దున్నే ఒకసారి పోశారు వాటికి.

మా ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఉన్నారు. మావాడి గదిలోంచి మాత్రం క్రికెట్ వీడియో హాయిగా వినిపిస్తోంది. “నీకెలా వస్తోందిరా?” అన్నాను. ఆటల మధ్య యాడ్స్ రాకుండా వాడు ఎప్పుడో ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనేచోట వేరే పేరు వేసుకున్నాడట. ఇక వాడి ఫోను రౌటర్ మాట వినదట.

మధ్యాహ్నం కరెంటు పోయింది. విజయవాడ ఎండల్లో అది మామూలే. అరగంటకి వచ్చాక చూస్తే సహస్రనామం వస్తోంది, వార్తలొస్తున్నాయి, సంబంధాల సైటూ తెరుచుకుంది. కాకినాడ జాతకం అందులో నిన్నటినుంచే ఉంది.

“చూశారా, సర్దుకుంటుందని చెప్పలా?” అన్నారు మా ఆయన మీటింగ్ ముగించుకొచ్చి.

మావాడు నా చెవిలో ఊదాడు: “రౌటర్ ఆగి మళ్ళీ వచ్చేసరికి మనింటి ఐపీ మారిందమ్మా. ఆ కంపెనీ దగ్గర పాతదే ఉంది. ఇప్పుడు ఫిల్టరూ లేదు, ఏమీ లేదు. నాన్నకి చెప్పకు.”

చెప్పలేదు. కాకినాడవాళ్ళని బతిమాలుకోవడంలో తీరిక ఎక్కడ చిక్కింది? ఈలోగా మా ఆయన తన ఫిల్టరు గొప్ప గురించి లిఫ్టులో ఎవరెవరికి చెప్పారో ఏమో, సాయంత్రం పై అంతస్తువారు వైర్లతో సహా రౌటర్ చంకన పెట్టుకుని వచ్చి బెల్లు కొట్టారు. మా ఆయన అప్పటికే స్టూలు తుడుస్తున్నారు.